రష్యన్‌లో ‘యా’ (నేను), ‘తి’ (నువ్వు) పలకాలా, వదిలేయాలా: ఏది మేలు?

తెలుగులో ‘చదువుతున్నాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. రష్యన్ క్రియకూ వర్తమానంలో ఇలాంటి ప్రత్యయాలే ఉన్నాయి: చితాయు (చదువుతున్నాను), చితాయెష్ (చదువుతున్నావు), చితాయెత్ (చదువుతున్నాడు). అది చూసి తెలుగువాళ్లు సర్వనామాన్ని ధారాళంగా వదిలేస్తారు. రష్యన్‌లో కొత్తగా మాట మొదలుపెట్టేటప్పుడు ‘యా చితాయు’ అని పలకడమే మామూలు. అనుమానం వస్తే పలకండి.

భూతకాలంలో అయితే ఇది మరీ ముఖ్యం. ‘చెప్పాను, చెప్పావు, చెప్పాడు’ అని మనకు మూడు రూపాలుంటే, రష్యన్‌లో ఆ మూడింటికీ ఒక్క ‘స్కజాల్’ మాత్రమే. భూతకాల క్రియ లింగాన్ని, వచనాన్ని చెబుతుంది గానీ పురుషను (నేనా, నువ్వా, అతనా అన్నది) చెప్పదు. చెప్పింది స్త్రీ అయితే ‘స్కజాల’, బహువచనమైతే ‘స్కజాలి’. ఈ ‘స్కజాలి’ మేము, మీరు, వాళ్లు ముగ్గురికీ సరిపోతుంది. ‘నిన్న డాక్టరుతో చెప్పాను’ అనాలనుకుని ‘వ్చెరా స్కజాల్ వ్రచూ’ అంటే, చెప్పింది మీరా, ఇంకెవరైనానా అని ఎదుటివాళ్లు ఆగిపోతారు. ‘యా’ చేర్చితే తేలిపోతుంది. అలాగని ప్రతి క్రియకూ తగిలించక్కర్లేదు: ‘యా వ్స్తాల్, ఉమీల్స్యా ఇ పషోల్’ (లేచి, మొహం కడుక్కుని, బయల్దేరాను). ఒకే వాక్యంలో ఒక్క ‘యా’ చాలు.

క్రియ లేని వాక్యంలోనూ ఇదే చిక్కు. మన ‘డాక్టర్ని’లో ‘-ని’ నేనని చెప్పేస్తుంది. ‘వ్రాచ్’లో అలాంటిదేమీ లేదు, కాబట్టి ‘యా వ్రాచ్’ అనాలి. ‘మీరేం చేస్తారు?’ అని అడిగినప్పుడు మాత్రం ‘వ్రాచ్’ అంటే సరిపోతుంది.

మరి వదిలేయడం ఎక్కడ మేలు? అడిగిన వెంటనే ఇచ్చే జవాబులో. ‘తి కుపీల్ ఖ్లేబ్?’ (బ్రెడ్ కొన్నావా?) అంటే ‘కుపీల్’ చాలు. ‘నేను’, ‘దాన్ని’ రెండూ పోతాయి, అచ్చం మన ‘కొన్నా’ లాగే. ‘నే జ్నాయు’ (తెలియదు), ‘ప్రషూ’ (కోరుతున్నాను), ‘పజ్ద్రవ్ల్యాయు’ (అభినందనలు) కూడా ‘యా’ లేకుండానే సహజంగా ఉంటాయి. ఆజ్ఞార్థకంలో మామూలుగా ‘తి’ ఉండదు. ‘తి చితాయ్’ అంటే ‘నువ్వైతే చదువు’ అన్న ఊనిక వస్తుంది.

‘అనీ’ (వాళ్లు) దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇక్కడ ఉంచినా తీసినా అర్థమే మారిపోతుంది. ‘మ్నే పజ్వనీలి’ అంటే ఎవరో ఫోన్ చేశారని; చేసింది ఒక్కరే అయినా బహువచనమే. ‘అనీ మ్నే పజ్వనీలి’ అంటే ఇంతకుముందు మాటల్లో వచ్చిన ఆ మనుషులే చేశారని. ‘గవర్యాత్’ అంటే ‘జనం అనుకుంటున్నారు’. ‘జ్ద్యేస్ నే కూర్యత్’ అంటే ‘ఇక్కడ పొగ తాగరు’. దీనికి ‘అనీ’ తగిలిస్తే నిషేధం పోయి, ఎవరో కొందరి అలవాటు గురించి చెప్పినట్టవుతుంది.

ఉపవాక్యంలో వదిలేయడమే స్పష్టం. ‘ఓన్ స్కజాల్, ష్తొ ప్రిద్యోత్’ అంటే ‘వస్తానన్నాడు’: చెప్పినవాడే వస్తాడు. ‘ష్తొ ఓన్ ప్రిద్యోత్’ అంటే అతనే కావచ్చు, మరొకడూ కావచ్చు.