మామునూరు దాటాక రాబోయే టౌన్‌షిప్: బ్రోచర్ పక్కన నక్షా పెట్టి చూస్తే

వరంగల్ నుంచి ఖమ్మం పోయే 563 జాతీయ రహదారి మీద మామునూరు దాటి, వర్ధన్నపేట వైపు కొంత దూరం పోయాక, లోపలికి తిరిగే బాట పక్కన 40 ఎకరాల్లో ఒక టౌన్‌షిప్ ప్రతిపాదన వచ్చింది. 320 ఓపెన్ ప్లాట్లు, 480 ఫ్లాట్లు, మూడెకరాల్లో దుకాణాలూ ఆఫీసులూ, రెండెకరాల్లో బడి, ఒక క్లబ్‌హౌస్. ఇల్లు, కొలువు, అంగడి అన్నీ ఒకే ఆవరణలో అన్నది బ్రోచర్ మాట. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే నమూనా కాగితాలు ఈ రోడ్డు మీద ఇంకా చాలా వస్తాయి, వాటిని చూసే పద్ధతి కూడా ఇదే.

ముందుగా తీర్పు. ప్లాట్ల భాగం కొనదగినదే, కానీ కుంట దిక్కు దిగువ వరుసలు వద్దు. ఫ్లాట్లకు ఇప్పుడు బయానా కట్టొద్దు. అంగళ్లు, ఆఫీసులు అసలు రావనుకునే ధర మాట్లాడుకోవాలి.

అంగళ్ల గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం ఫేజులు. మొదటి ఫేజు ప్లాట్లు, రెండోది ఫ్లాట్లు, దుకాణాలూ బడీ మూడోది. ఇళ్ల స్థలాల, ఫ్లాట్ల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం ప్రకారం ఒక్కో ఫేజు ఒక్కో వేరే ప్రాజెక్టు, దేని రిజిస్ట్రేషన్ దానిదే. మంజూరైన ప్లాను మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలని 14వ సెక్షన్ చెబుతుంది. అది మంచి రక్షణే. కానీ ఇక్కడ మూడో ఫేజు ఇంకా రిజిస్టరే కాలేదు. రేపు ఆ మూడెకరాల్లో దుకాణాలకు బదులు మరో రెండు బ్లాకుల ఫ్లాట్లు లేపితే, మొదటి ఫేజులో ప్లాటు కొన్నవాళ్ల చేతిలో పట్టు తక్కువ. కాబట్టి అమ్మకపు ఒప్పందంలోనే మూడో ఫేజు స్థలం సర్వే నంబర్లు, దాని వాడకం, పూర్తిచేసే గడువు రాయించుకోవాలి. రాయడానికి ఒప్పుకోకపోతే అంగడి లేనట్టే. బ్రోచర్‌ను మాత్రం పారేయొద్దు: ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి నష్టపోతే 12వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు, ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో వెనక్కి అడగొచ్చు.

ఇక అసలు సమస్య నీళ్లు. కాకతీయుల కాలం నుంచీ ఈ నేల గొలుసుకట్టు చెరువులది. పై కుంట మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది కుంటకు పోవాలి, నడుమ ఎవరు ఏం కట్టినా సరే. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లెట్లా వచ్చాయో ఊరంతా చూసింది. ఈ లేఅవుట్ నక్షాలో ఆగ్నేయ మూల అన్నిటికన్నా పల్లం, దాన్ని ఆనుకునే చిన్న కుంట ఉంది. పది హెక్టార్లలోపు చెరువుకైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 9 మీటర్లు, పది హెక్టార్లు దాటితే 30 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు 9 మీటర్లు, అంతకన్నా సన్న కాల్వకు 2 మీటర్లు. నక్షాలో కుంటకు 9 మీటర్లు వదిలారు. కుంటలోకి నీళ్లు తెచ్చే కాల్వను మాత్రం 30 అడుగుల రోడ్డు కింద పూడ్చి, 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపులు (సిమెంటు గొట్టాలు) రెండు వేస్తామన్నారు.

ఆ పైపులు సరిపోవు. 40 ఎకరాలంటే సుమారు 1,61,800 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 81 లక్షల లీటర్లు. చెలకగా ఉన్నప్పుడు చాలా భాగం నేల తాగేది. రోడ్లు, డాబాలు వచ్చాక 70 శాతం పారుతుందనుకుంటే 56 లక్షల లీటర్లు ఆ మూలకు చేరతాయి. రెండు పైపులూ నిండుగా, సెకనుకు మీటరున్నర వేగంతో పారినా గంటకు పంపేది 30 లక్షల లీటర్లే. మిగతా 26 లక్షలు రోడ్డు మీదా, చివరి వరుస ఇళ్లలోనూ నిలుస్తాయి. పైనుంచి వచ్చే నీళ్లు ఈ లెక్కలో కలపలేదు. పైపుల్లో చెత్త, పూడిక పడితే ఆ 30 కూడా పోదు. 1.2 మీటర్ల చదరపు బాక్స్ కల్వర్టు (పెట్టెలాంటి కాంక్రీటు తూము) అయితే అదే వేగానికి గంటకు 77 లక్షల లీటర్లు పంపుతుంది, లోపలికి మనిషి దిగి పూడిక కూడా తీయొచ్చు. అమ్మకాలు మొదలయ్యే లోపే ఈ మార్పు ప్లానులో చూపించమని కొనేవాళ్లంతా కలిసి అడగాలి. రోడ్డు వేశాక ఎవరూ తవ్వరు.

మురుగు లెక్క కూడా ఇట్లాగే కుదరలేదు. 800 ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అంటే 4,32,000 లీటర్ల నీళ్లు. అందులో 80 శాతం మురుగుగా వస్తుంది, అంటే దాదాపు 3,45,000 లీటర్లు. బ్రోచర్‌లోని శుద్ధి కేంద్రం సామర్థ్యం 2 లక్షల లీటర్లు. అదీ రెండో ఫేజులోనే కడతారట. అప్పటిదాకా ప్లాట్లలో ఇళ్లు కట్టుకునేవాళ్లకు సెప్టిక్ ట్యాంకే గతి. తాగునీటికి బోర్లు చూపిస్తున్నారు. బోరు నీటిని ఎండాకాలంలో పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిది, 1.5 దాటితే తాగడానికి పనికిరాదు.

భూమి కాగితాలు పరవాలేదు. అయినా సర్వే నంబర్లన్నీ ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలోనూ, అమ్మకూడని భూములుండే రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితాలోనూ ఒక్కొక్కటిగా కొట్టి చూడాలి. శిఖం (చెరువు గర్భం భూమి), అసైన్డ్ (పేదలకు సర్కారు ఇచ్చిన భూమి) నంబరు ఒక్కటి కలిసినా ఆ ముక్క చేతికి రాదు. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) డ్రాఫ్ట్ లేఅవుట్‌ను చూసి ఫైనల్ అని చెప్పేవాళ్లున్నారు. డ్రాఫ్ట్ దశలో 15 శాతం ప్లాట్లు కుడా పేర తనఖాలో ఉంటాయి. రోడ్లు, మోరీలు, కరెంటు పూర్తయ్యాకే విడుదల చేస్తారు. ఏజెంటు చూపించే ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందేమో ఈసీలో (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూసుకోవాలి. పార్కు స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేశారా అన్నదీ అడగాలి, చేయకపోతే పదేళ్లకు ఆ పార్కూ ప్లాటవుతుంది.

ఫ్లాట్ల దగ్గర రెండు అనుమానాలు. ఒకటి ఎత్తు. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది. బ్రోచర్ దాన్ని మొదటి పేజీలోనే వేసుకుంది, గజం రేటులోనూ కలుపుకుంది. అదే విమానాశ్రయం పక్కన పదంతస్తుల బ్లాకుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎత్తు అనుమతి కావాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అంతస్తులు తగ్గితే కొన్న ఫ్లాటే ఉండకపోవచ్చు. రెండోది భూమిలో వాటా. ఫ్లాట్లకు చూపిన ఆరెకరాలంటే 29,040 గజాలు, 480 ఫ్లాట్లకు సగటున 60 గజాలు రావాలి. ముసాయిదా ఒప్పందంలో 42 రాశారు. మిగతా 18 గజాలు ఎవరి పేర ఉంటాయో రాతలో చెప్పాలి. క్లబ్‌హౌస్ స్థలం కంపెనీ తన దగ్గరే పెట్టుకుంటే దానికి నెలనెలా రుసుము కట్టేది ఫ్లాటు వాళ్లే.

డబ్బు కట్టే వరుస ఇట్లా ఉండాలి. రెరా వెబ్‌సైటులో పీ అక్షరంతో మొదలయ్యే నంబరు కొట్టి, ఏ ఫేజుకు ఇచ్చారో చూడాలి. నంబరు రాకముందే ప్రీ లాంచ్ ఆఫర్ అని అమ్మడం చట్టవిరుద్ధం, తగ్గింపు ఎంతిచ్చినా కట్టొద్దు. ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాలోనే ఉండాలి కాబట్టి చెక్కు ఆ ఖాతా నంబరు మీదే రాయాలి, ఏజెంటు పేర కాదు. ప్లాటు రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం అదనం.

ఏ ప్లాటు అన్నది ఇక మిగిలింది. పడమర పక్క 40 అడుగుల రోడ్డు వరుస ఎత్తుగా ఉంది, నేల ఎర్రచెలక, పునాది ఖర్చు తక్కువ. ఆగ్నేయాన కుంట దిక్కు చివరి రెండు వరుసలు నల్లరేగడి. ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది, మామూలు పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి. లేక్ వ్యూ అని గజానికి ఎక్కువ అడుగుతున్నవి ఆ రెండు వరుసలే.