ఎడమా? కుడా? అలాస్కా క్రూజ్‌లో బాల్కనీ రూమ్ బుక్ చేసే ముందు

అలాస్కా క్రూజ్ రెండుసార్లు వెళ్ళొచ్చాం. మొదటిది సియాటిల్‌లో ఎక్కి మళ్ళీ సియాటిల్‌లోనే దిగేది, రెండోది కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలోని సీవర్డ్‌లో దిగేది. తిండి గురించి, షోల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అవి వదిలేస్తున్నా. నేను రాసేది ఒక్కదాని గురించే, బాల్కనీ రూమ్ షిప్పుకి ఏ పక్క తీసుకోవాలి అని. మొదటిసారి ఈ ప్రశ్న మీద మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని డెక్ ప్లాన్లు, మ్యాపులు పక్కపక్కన పెట్టుకుని చూశాను, తీరా వెళ్ళాక తెలిసింది, ఆ ట్రిప్పుకి అసలా ప్రశ్నే అక్కర్లేదని. రెండో ట్రిప్పుకి మాత్రం నిజంగానే కావాలి.

ముందు పేర్లు. షిప్పు వెళ్ళే దిక్కుకి ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి పక్క పోర్ట్, కుడి చేతి పక్క స్టార్‌బోర్డ్. బాల్కనీలో సముద్రం వైపు తిరిగి నిలబడి లెక్కేస్తే తప్పుతుంది, మా బావగారు రెండు రోజులు అలాగే వాదించారు. రాత్రిపూట పోర్ట్ పక్క ఎర్ర దీపం, స్టార్‌బోర్డ్ పక్క పచ్చ దీపం వెలుగుతాయి. మనకి గుర్తు పెట్టుకోవడం తేలిక: ఎడమ, ఎరుపు, రెండూ 'ఎ'తోనే మొదలు. స్టార్‌బోర్డ్‌కీ నక్షత్రాలకీ ఏ సంబంధం లేదు, పాత ఓడలకి దారి తిప్పే తెడ్డు కుడి పక్కన ఉండేది, 'స్టీర్' చేసే పక్క అన్నమాట. ఆ తెడ్డు రేవుకి తగలకుండా ఎడమ పక్కని ఆనించేవాళ్ళు కాబట్టి అది పోర్ట్. అంతకుముందు దాన్ని లార్‌బోర్డ్ అనేవాళ్ళు, గాలిలో అరిస్తే రెండు పేర్లూ ఒకేలా వినబడుతున్నాయని 1844లో బ్రిటిష్ నేవీ దాన్ని పక్కన పెట్టి పోర్ట్ అనే ఖాయం చేసింది.

పక్కల గురించి ఇంకో కథ కూడా ఉంది. ఇంగ్లండ్ నుంచి ఇండియాకి వచ్చే డబ్బున్న దొరలు వచ్చేటప్పుడు పోర్ట్ పక్క, వెళ్ళేటప్పుడు స్టార్‌బోర్డ్ పక్క రూములు తీసుకునేవాళ్ళని, ఎండ పడని ఆ పక్కల్ని చెప్పే 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిసే 'పాష్' అనే మాట పుట్టిందని అంటారు. మాట పుట్టుక సంగతి కట్టుకథే, రుజువేమీ లేదు. కానీ ఎండ లెక్క మాత్రం కరెక్టే. ఇది చదవగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. హైదరాబాద్ నుంచి విజయవాడకి ఆర్టీసీ బస్సెక్కితే ఎడమ పక్క కిటికీ, తిరిగొచ్చేటప్పుడు కుడి పక్క కిటికీ పట్టుకోమని చిన్నప్పటి నుంచీ చెప్పేది. తూర్పుకి పోతున్నప్పుడు ఉత్తరం ఎడమ, పడమరకి వస్తున్నప్పుడు ఉత్తరం కుడి, రెండుసార్లూ నీడే. ఆవిడ ఓడెక్కలేదు, దొరల సూత్రం మాత్రం కండక్టర్ కంటే బాగా తెలుసు.

సరే, మొదటి ట్రిప్పు. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు, అక్కా బావగారూ పిల్లలూ కలిశారు. బుకింగ్ ఏజెంటుకి ఫోన్ చేస్తే "అలాస్కా అంటే స్టార్‌బోర్డే సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. మేం వెళ్ళేది ఒకవైపు ట్రిప్పా, రానూపోనూనా అని కూడా అడగలేదు. నేను కుడి పక్క తీసుకున్నా. బావగారు ఆలస్యం చేశారు, ఆయనకి ఎడమ పక్కే దొరికింది, అప్పుడు మనసులో కాస్త జాలి కూడా పడ్డాను.

సియాటిల్ నుంచి వెళ్ళే షిప్పులు చాలావరకు వారం ట్రిప్పులు. పోయేటప్పుడు భూమి కుడి పక్కన ఉంటే వచ్చేటప్పుడు అదే భూమి ఎడమ పక్కన ఉంటుంది. ఇంతే విషయం, నాలుగో క్లాసు పిల్లాడు చెబుతాడు. పైగా మా షిప్పు సియాటిల్ నుంచి హువాన్ డి ఫూకా జలసంధి దాటగానే వాంకూవర్ దీవికి పడమర నుంచి, అంటే నేరుగా పసిఫిక్ మీదుగా పోయింది. బ్రోషర్లో కొండల మధ్య నుంచి పోతున్న ఓడ బొమ్మ ఉంటుంది చూడండి, అది ఆ రోజు కాదు. మొదటి రోజంతా పొగమంచు, బూడిదరంగు నీళ్ళు, షిప్పు ఊగుడు. అమ్మ బాల్కనీలో శాలువా కప్పుకుని అరగంట కూర్చుని "ఏరా, మనం ఎక్కువ కట్టింది దీనికేనా?" అంది. నాన్నగారు మంకీ క్యాప్ తీయకుండానే నవ్వారు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళకి ఇక్కడో మాట. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది, విదేశీ జెండా ఉన్న, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని వేరే దేశం రేవు ముట్టుకోకుండా తిప్పి దించకూడదు. పెద్ద క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ షిప్పులు చివర్లో కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. ఆ నాలుగు గంటల కోసం ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విజిటర్‌గా వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి. ఏ పక్క రూమ్ అని ఆలోచించే టైమ్ దీని మీద పెట్టండి, మాకైతే వీసా చేతికొచ్చేదాకా టెన్షన్ టెన్షన్.

మూడో రోజు నుంచి అసలు అలాస్కా. జూనో, స్కాగ్వే వైపు పోతుంటే రెండు పక్కలా కొండలే, రెండు పక్కలా జలపాతాలే. పాపికొండల లాంచీలో కూర్చున్నట్టే, ఏ పక్క కూర్చున్నా ఇంకో పక్క బాగున్నట్టు అనిపిస్తుంది. తిమింగలాలకైతే పక్క అని ఏమీ లేదు. ఒక సాయంత్రం బావగారు ఫోన్ చేసి "మా పక్క తిమింగలం, తోక లేపుతోంది, త్వరగా రండి" అన్నారు. రూమ్‌లోంచి బయటపడి, మా కారిడార్ దాటి, లిఫ్టుల దగ్గరికొచ్చి, ఆ పక్క కారిడార్ పట్టుకుని, వాళ్ళ రూమ్ వెతుక్కుని వెళ్ళేసరికి నీళ్ళు మాత్రమే ఉన్నాయి, అక్క చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో తోక ఉంది. మర్నాడు మా పక్క రెండు వచ్చాయి. అప్పుడు నేను ఫోన్ చేయలేదు, చేసి ఏం లాభం.

గ్లేసియర్ బే రోజు ఈ ప్రశ్నకి అసలైన జవాబు దొరికింది. రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్పులకే అనుమతి ఉన్న నేషనల్ పార్క్ అది, పార్క్ రేంజర్లు మధ్యలో షిప్పెక్కి మైకులో అన్నీ చెబుతారు. 1794లో జార్జ్ వాంకూవర్ అనే బ్రిటిష్ కెప్టెన్ నౌకాయాత్ర బృందం చూసినప్పుడు ఆ బే, అంటే అఖాతం, దాదాపు మొత్తం మంచుతోనే నిండి ఉంది, ఇప్పుడు అదే చోట 65 మైళ్ళు లోపలికి ఓడ పోతుంది. చివర్లో మార్జరీ గ్లేసియర్ అనే హిమానీనదం, మైలు వెడల్పు, నీళ్ళ మీదకి దాదాపు 250 అడుగుల నీలం గోడ. షిప్పు దాని ముందు గంటసేపు ఆగి నెమ్మదిగా తన చుట్టూ తనే తిరుగుతుంది, ఎడమ పక్కవాళ్ళకీ కుడి పక్కవాళ్ళకీ సమానంగా చూపించడానికే. గ్లేసియర్ దగ్గరకి పోయే షిప్పులు సాధారణంగా ఇలాగే చేస్తాయి. నేను మూడు వారాలు చేసిన లెక్కంతా కెప్టెన్ పది నిమిషాల్లో తిప్పేశాడు.

అయినా ఆ గంట మేం బాల్కనీలో లేం, పై డెక్ మీద ఉన్నాం. మంచు పెళ్ళ విరిగిపడేది కన్ను ముందు చూస్తుంది, చెవి రెండు మూడు సెకన్ల తర్వాత వింటుంది. అరకిలోమీటరు, కిలోమీటరు అవతలి నుంచి చప్పుడు నడిచి రావాలి కదా. కాబట్టి రూమ్‌లో కూర్చుని, ఉరుములాంటి చప్పుడు వినగానే బాల్కనీలోకి ఉరికితే మీకు కనబడేది నీళ్ళలో అలలే. రెండు పక్కలూ కనబడే చోట, గోడ మీద నుంచి కళ్ళు తిప్పకుండా నిలబడాలి. నాన్నగారు అలా నిలబడే మూడు చూశారు. నేను కెమెరా బ్యాటరీ మారుస్తూ ఒకటి చూశాను.

రేవుల్లో ఏ పక్క ఏముంటుందో ముందే చెప్పలేం, గాలి, పోటు, ఇచ్చిన చోటును బట్టి షిప్పుని ఆపుతారు. స్కాగ్వేలో మా కుడి పక్కకి నిట్టనిలువు కొండ వచ్చింది. మొదట విసుగేసింది, తర్వాత చూస్తే ఆ రాళ్ళ మీద దశాబ్దాలుగా వచ్చిన ఓడల పేర్లు, కెప్టెన్ల పేర్లు రంగులతో రాసి ఉన్నాయి. కాఫీ పట్టుకుని గంటసేపు అవే చదివాం. అదే ఊళ్ళో వైట్ పాస్ రైలు ఎక్కితే, పైకి పోయేటప్పుడు ఎడమ పక్కే లోయ. కానీ 2,865 అడుగుల ఎత్తున శిఖరం దగ్గర ఆపి, సీట్ల వీపులు వెనక్కి తిప్పించి, ఆ పక్కవాళ్ళని ఈ పక్కకి మార్చి కిందకి తెస్తారు. 1900లో పూర్తయిన రైలుమార్గం వాళ్ళు ఇంత న్యాయంగా ఉన్నారు.

ఇక రెండో ట్రిప్పు, వాంకూవర్ నుంచి సీవర్డ్. ఇది ఒకవైపు ప్రయాణం, ఇక్కడ మాత్రం ఏజెంటు సూత్రం పనిచేస్తుంది. ఉత్తరానికి పోతే కుడి పక్క, సీవర్డ్ నుంచి దక్షిణానికి వస్తే ఎడమ పక్క, అంటే ఎప్పుడూ తీరం ఉన్న పక్క. మొదట్లో తేడా తెలియదు, వాంకూవర్ దీవికీ ఖండానికీ మధ్య సన్నటి దారిలో రెండు పక్కలా అడవులే. తేడా తెలిసేది చివరి రెండు రోజుల్లో, షిప్పు అలాస్కా గల్ఫ్‌లోకి వచ్చాక. ఎడమ పక్క మొత్తం పసిఫిక్, కుడి పక్క దూరంగా మంచు పర్వతాల వరస. మాకు ఒక పూట మబ్బు విడిపోయి సెయింట్ ఎలియాస్ శిఖరం కనబడింది, 18,008 అడుగులు, సముద్రం ఒడ్డునుంచే లేచినట్టుంటుంది. మబ్బు పట్టి ఉంటే రెండు పక్కలా ఒకటే బూడిద, దానికి ఎవరూ డబ్బు వాపసు ఇవ్వరు.

కుడి పక్కకి ఒక ఇబ్బంది ఉంది, ఎవరూ చెప్పరు. ఉత్తరానికి పోతున్నప్పుడు తూర్పు మీ పక్కే, జూన్‌లో సూర్యుడు తెల్లవారుజామున నాలుగింటికే ముఖం మీద కొడతాడు. కర్టెన్ గట్టిగా లాగి, అంచుకి బట్టలు ఆరేసుకునే క్లిప్పు పెట్టుకోండి. రాత్రి పదింటి సూర్యాస్తమయం ఎడమ పక్కవాళ్ళ సొత్తు. హబ్బర్డ్ గ్లేసియర్ దగ్గర మళ్ళీ అదే కథ, ఆరు మైళ్ళ వెడల్పు గోడ, షిప్పు గుండ్రంగా తిరిగింది, అందరూ చూశారు.

పక్క కంటే ముందు చూడాల్సింది, మీ రూమ్ నెత్తి మీద ఏముంది, కాళ్ళ కింద ఏముంది అని. మొదటి ట్రిప్పులో మా రూమ్‌కి సరిగ్గా పైన స్విమ్మింగ్ పూల్ డెక్. పొద్దున ఐదున్నరకి కుర్చీలు బరబరా ఈడ్చేవాళ్ళు, వారం రోజులూ అంతే. రిసెప్షన్‌లో చెబితే షిప్పు ఫుల్ అన్నారు, చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు ఇచ్చారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అది నా తప్పే, ఎడమా కుడీ అని చూస్తూ పైకి చూడలేదు. పైనా కిందా రెండు పక్కలా రూములే ఉన్న అంతస్తు తీసుకుంటే హాయి. కింది అంతస్తుల్లో కొన్ని రూముల ముందు లైఫ్‌బోట్ వేలాడుతూ ఉంటుంది, డెక్ ప్లాన్‌లో చిన్న గుర్తు పెడతారు, చదవండి. కడుపులో తిప్పేవాళ్ళకి మధ్యలో, తక్కువ అంతస్తులో ఊగుడు తక్కువ. షిప్పు వెనక మూల రూములైతే కాస్త రెండు పక్కలా కనబడతాయి, ఇంజిన్ అదురు కూడా కాస్త తెలుస్తుంది. సరి సంఖ్య ఏ పక్క, బేసి సంఖ్య ఏ పక్క అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, పక్కింటివాళ్ళ మాట నమ్మకండి. గ్యారంటీ రూమ్ అని తక్కువకి ఇచ్చేదాంట్లో పక్కా అంతస్తూ అన్నీ వాళ్ళిష్టమే, రానూపోనూ ట్రిప్పుకైతే ఆ రిస్క్ తీసుకోవచ్చు.

మార్కులు వేయమంటే, సియాటిల్ రానూపోనూలో పక్క ఎంచుకోవడానికి ఐదుకి ఒకటి, అది కూడా పడుకునేముందు నెమ్మది కోసం. వాంకూవర్–సీవర్డ్‌లో ఐదుకి నాలుగు. ఇండియాలో అడిగేవాళ్ళకి కూడా ఒక మాట, ముంబై నుంచి గోవాకి దక్షిణంగా పోతే తీరం ఎడమ పక్క, సూర్యాస్తమయం కుడి పక్క. విశాఖ నుంచి చెన్నై వైపు పోతే తీరం కుడి పక్క, సూర్యోదయం ఎడమ పక్క. ఓడ ఒడ్డుకి దూరంగా, సగం దారి రాత్రిపూటే పోతుంది కాబట్టి నేనైతే సూర్యుణ్ణి చూసే బుక్ చేస్తా, తీరాన్ని చూసి కాదు.

రెండో ట్రిప్పులో అన్నీ పక్కాగా చేశాను, కుడి పక్క, పైన రూములు, కింద రూములు, లైఫ్‌బోట్ లేదు, కర్టెన్‌కి క్లిప్పు కూడా. సీవర్డ్‌లో దిగి యాంకరేజ్‌కి రైలెక్కాం, నాలుగు గంటలకి పైగా ప్రయాణం. అలవాటుగా వెళ్ళి కుడి పక్క కూర్చున్నాం. సగం దారి దాటాక టర్న్‌అగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ వచ్చింది, నీళ్ళూ ఎదురుగా కొండలూ మొత్తం ఎడమ పక్క, మా కిటికీలో రాతి గోడ. పెట్టె కిక్కిరిసి ఉంది. అమ్మ నా వైపు చూసి "రైలుకి చూడలేదేంట్రా?" అంది.