హరిశ్చంద్రగఢ్ ట్రెక్ ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: ఏ దారిన తీసుకెళ్తారో ముందే రాయించుకోండి

మహారాష్ట్రలో సహ్యాద్రి కొండల్లోని హరిశ్చంద్రగఢ్ కోటకు హైదరాబాద్ నుంచి శని, ఆదివారాల ప్యాకేజీ కొనదలచినవారు డబ్బు కట్టేముందు మా అనుభవాన్ని చదవవలసిందిగా కోరుతున్నాను. గత జూలైలో నేను, మా అక్క, పద్నాలుగేళ్ల ఆమె కూతురు మనిషికి 4,500 రూపాయల చొప్పున చెల్లించాము. పాచ్‌నయీ గ్రామం నుంచి సులువైన దారి, స్థానిక గైడ్, ముగ్గురికి ఒక టెంట్ ఉంటాయని నిర్వాహకులు ఫోన్‌లో హామీ ఇచ్చారు.

సుమారు 1,424 మీటర్ల ఎత్తున్న ఈ కోటకు వెళ్లే దారులు ఒక్కలాంటివి కావు. పాచ్‌నయీ నుంచి కొత్తవారు కూడా రెండు మూడు గంటల్లో చేరుకోగలరు. ఖీరేశ్వర్ నుంచి బయలుదేరితే మాత్రం తోలార్ ఖిండ్ అనే కనుమ దాటి, ఇనుప కమ్మీలు పట్టుకుని బండరాళ్లు ఎక్కి, ఆ తరువాత అడవిలో ఎగుడుదిగుడు గుట్టల మీదుగా చాలా దూరం నడవాలి. నళీచీ వాట్ అనే మూడో దారి అనుభవజ్ఞులకే తగినది.

మా బస్సు ఉదయం 11 గంటలకు ఖీరేశ్వర్‌లో ఆగింది. దారి ఎందుకు మార్చారని అడిగితే సరైన సమాధానం రాలేదు. నలభై మందికి ఒక్క నాయకుడే ఉన్నాడు. తనకూ ఈ కోటకు ఇదే మొదటి ప్రయాణమని కనుమ దగ్గర చెప్పాడు. స్థానిక గైడ్ లేనే లేడు. బండల మీద నీరు జారుతుండగా, ఐదడుగుల దూరం కూడా కనిపించని మంచులో బృందం ముక్కలైపోయింది. చీకటి పడేసరికి మా ముగ్గురి దగ్గర ఒక్క టార్చి మాత్రమే మిగిలింది. అటుగా వెళ్తున్న ఒక గ్రామస్థుడు చూసి, హరిశ్చంద్రేశ్వర ఆలయం దాకా నడిపించి, పైసా కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఆయనకు మేము జీవితాంతం రుణపడి ఉంటాము.

పైన ఆరుగురికి ఒకే టెంట్ ఇచ్చారు, అదీ కారింది. మరునాడు కేదారేశ్వర గుహలో చల్లని నీటి నడుమ నిలిచిన శివలింగాన్ని, చుట్టూ ఉన్న నాలుగు స్తంభాల్లో విరగకుండా మిగిలిన ఒక్కదాన్ని దూరం నుంచే చూశాము. కొంకణ్ కడా అనే నిట్టనిలువు కొండచరియ అంచున మంచు కమ్మి ఉంటే నేల ఎక్కడ ముగుస్తుందో తెలియదు. అలాంటి చోట పిల్లలను ఆపడానికి ఒక్క మనిషినైనా నిలబెట్టకపోవడాన్ని నేను క్షమించలేకపోతున్నాను.

డబ్బు వాపసు అడిగితే, వాతావరణాన్ని బట్టి మార్పులు ఉంటాయన్న నిబంధనను చూపించి నిరాకరించారు. మేము ఒక వ్యక్తిగత ఖాతాకు యూపీఐ ద్వారా చెల్లించాము, రసీదు తీసుకోలేదు. ఫిర్యాదులో ఇదే మాకు పెద్ద అడ్డంకి అయింది. కనుక దారి పేరు, గైడ్ల సంఖ్య, టెంట్‌కు ఎందరు, దారి మారితే ఎంత వాపసు అన్నవి రాతపూర్వకంగా తీసుకుని, సంస్థ పేరున రసీదు వచ్చాకే మిగతా సొమ్ము కట్టండి. వానాకాలంలో పిల్లలతో వెళ్లేవారు పాచ్‌నయీ దారి తప్ప మరొకటి ఒప్పుకోకండి.

మేము జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాము. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంది. ఆ జూలై బృందంలో మాతో నడిచినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ చెల్లింపు వివరాలనూ ఆనాటి సందేశాలనూ చెరపకుండా ఉంచండి, కలిసి ఫిర్యాదు చేద్దాము.