రాక్ స్మృతి పుస్తకానికి ఫోటోబుక్ సర్వీసులు ఏపాటి? నలుపు దగ్గరే అసలు పరీక్ష

ఆన్‌లైన్ ఫోటోబుక్ సర్వీసుల సాఫ్ట్‌వేరు పగటి వెలుగులో నవ్వే ముఖాల కోసం రాసింది. పెళ్లి, పుట్టినరోజు, టూరు. దానికి స్మృతి పుస్తకం కోసం కన్నుమూసిన రాక్ సంగీతకారుల ఫోటోలు ఇస్తే తికమకపడుతుంది. పేజీలో ముప్పాతిక వంతు చీకటి, మధ్యలో ఎర్ర లైటు, సగం ముఖాన్ని కప్పేసిన మైకు, యాభై ఏళ్ల నాటి ఫిల్ము గ్రెయిన్ (గరుకు చుక్కలు). మామూలు రివ్యూల్లో పడే స్టార్లను నమ్ముకుని ఆర్డరు పెడితే పెట్టెలోంచి బూడిదరంగు గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ బయటికొస్తాడు.

దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది అసలైన ఫోటో పేపరు మీద ప్రింటు వేసి, షీట్ల వెనకలు అంటించి కట్టే చదునుగా తెరుచుకునే లే-ఫ్లాట్ ఆల్బం. స్టూడియోవాళ్లు కరిజ్మా అనేది దాదాపు ఇదే. రెండోది డిజిటల్ ప్రెస్‌లో అచ్చువేసి, జిగురుతోనో కుట్టుతోనో బైండు చేసే పుస్తకం. నలుపు విషయంలో మొదటిదానికి పోటీ లేదు. ఫోటో పేపర్లో ఇంకు చుక్కలుండవు కాబట్టి చీకట్లోంచి తోలు జాకెట్ అంచు మెల్లగా తేలుతుంది. ప్రెస్ ప్రింటులో అదే చోట జాకెట్టూ వెనక తెరా ఒకే ముద్దయిపోతాయి. పేజీ నిండా నలుపు పరిస్తే సన్నటి చారలు కూడా పడొచ్చు. అక్షరాల దగ్గరకొస్తే తీర్పు తిరగబడుతుంది. ఫోటో పేపరు మీద 9 పాయింట్లకన్నా చిన్న అక్షరం అంచులు మెత్తబడి అలుక్కుపోయినట్టుంటుంది. ప్రెస్‌లో అదే అక్షరం గీసినట్టు నిలబడుతుంది.

అందుకని: పదిహేను, ఇరవై మంది సంగీతకారులు, మనిషికో స్ప్రెడ్ (ఎదురెదురు రెండు పేజీలు), నాలుగు లైన్ల రాత అయితే కళ్లు మూసుకుని ఫోటో పేపరు తీసుకోండి. పేజీకి వంద మాటలు దాటేలా జీవిత విశేషాలు రాయాలనుంటే ప్రెస్ పుస్తకమే, అదీ 200 జీఎస్ఎమ్‌కి (చదరపు మీటరుకు గ్రాములు) తగ్గని, మెరుపులేని మాట్ కాగితం మీద. 150 జీఎస్ఎమ్‌లో రెండువైపులా నలుపు వస్తే అవతలి పేజీ నీడలా కనబడే ప్రమాదం ఉంది. మెరిసే గ్లాసీ వద్దు. నల్ల పేజీ మీద వేలిముద్రలు తప్ప ఇంకేం కనిపించవు. ఫోటో పేపరు ఆల్బంలో ఒక్కో షీటు దాదాపు మిల్లీమీటరు మందం ఉంటుంది. 40 స్ప్రెడ్లంటే నాలుగు సెంటీమీటర్ల దిమ్మ, ఒళ్లో పెట్టుకుని చూడటం కష్టం.

జిగురు బైండింగులో నడిమడత ఒక్కో పేజీ నుంచి సుమారు సెంటీమీటరు మింగేస్తుంది. ముఖం అక్కడ పడకూడదని అందరికీ తెలుసు. తెలియనిది గిటారు మెడ సంగతి. మెడ, మైకు స్టాండు లాంటి తిన్నటి గీతలు మడత దాటేటప్పుడు రెండు పేజీలూ ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా విరిగినట్టు కనిపిస్తాయి. గుంపులో జనం, పొగ, డ్రమ్ముల వెనక చీకటి లాంటివైతే మడత మీదుగా పోయినా ఇబ్బంది లేదు. లే-ఫ్లాట్ అని రాసినా స్ప్రెడ్ ఒకే షీటా, రెండు ముక్కలు కలిపిందా అని ముందే అడగాలి.

సైజు లెక్క సులువే. 12 అంగుళాల చదరపు పేజీకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3600×3600 పిక్సెళ్లు కావాలి. 35 మి.మీ. నెగెటివ్‌ను 4000 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 5600×3700 వస్తాయి. పూర్తి పేజీకి చాలినంత, స్ప్రెడ్డుకు కూడా 230 డీపీఐ దాకా మిగులుతుంది. నెట్‌లో దొరికే 1200 పిక్సెళ్ల ఫోటో నాలుగు అంగుళాలు దాటకూడదు. ఫోటో చిన్నదని సర్వీసు చూపించే పసుపు త్రికోణం హెచ్చరికను మాత్రం పూర్తిగా నమ్మొద్దు. అది పిక్సెళ్లు లెక్కపెడుతుందే గానీ స్పష్టత చూడదు. చిన్న ఫోటోను ఏఐతో నాలుగింతలు చేస్తే హెచ్చరిక మాయమవుతుంది, దాంతోపాటు మనిషీ మారిపోతాడు. జూమ్ చేసి చూస్తే గిటారుకు ఐదు తీగలు, చేతికి ఆరు వేళ్లు. కళ్లు వేరేవాళ్లవి. స్మృతి పుస్తకంలో ఇంతకన్నా అవమానం ఉండదు. గ్రెయినే వెయ్యి రెట్లు నయం. పత్రికలోంచి తీసే బొమ్మయితే 600 డీపీఐలో అచ్చు చుక్కలను చెరిపే డీస్క్రీన్ పెట్టి స్కాన్ చేసి, తర్వాత సగానికి తగ్గించాలి. లేకపోతే అచ్చు చుక్కలూ ప్రెస్ చుక్కలూ కలిసి గళ్లగళ్లుగా వస్తాయి.

ఫోటోలను తనంతట తానే సరిచేసే ఆటో ఎన్‌హాన్స్ ఈ సర్వీసుల్లో అన్నిటికన్నా పెద్ద శత్రువు. చాలాచోట్ల ముందే ఆన్ చేసి ఉంటుంది. చీకటిని పొరపాటనుకుని పైకి లేపుతుంది, నల్లటి వేదిక బూడిదరంగు మచ్చలతో నిండిపోతుంది. ఎర్ర స్టేజీ లైటును రంగు దోషం అనుకుని చర్మం రంగుకు లాగుతుంది. ఆర్డరు మొత్తానికీ ఆపే చోటు సెట్టింగుల్లో ఉంటే అక్కడ, లేకపోతే ఒక్కో ఫోటోకీ విడిగా ఆపాలి. ఫైళ్లు స్క్రీన్ల మామూలు రంగుల పద్ధతి ఎస్ఆర్‌జీబీలోనే పంపండి. ముదురు ఎరుపు ప్రెస్‌లో గీతలన్నీ పోయి ఒకే ముద్దగా దిగుతుంది, నీలం ఊదా వైపు జారుతుంది. రంగు తీవ్రత పది, పదిహేను శాతం ముందే తగ్గిస్తే ముఖంలో గీతలు మిగులుతాయి. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలదింకో తంటా. నాలుగు రంగుల ఇంకుతో వేసే నలుపు ఒక పేజీలో పచ్చగా, ఇంకో పేజీలో గులాబీగా తిరుగుతుంది. అన్నిటికీ ఒకే రకం లేత గోధుమ ఛాయ ఇస్తే ఆ తేడా కంటికి ఆనదు. స్క్రీను వెలుగు సగానికి తగ్గించి చూసినా ఫోటోలో వివరాలు కనిపిస్తుంటేనే ప్రింటులో కనిపిస్తాయి.

పేజీలను తానే నింపే ఆటో ఫిల్ ఫోటోలను తేదీ ప్రకారం పేరుస్తుంది. అది చూసే తేదీ స్కాన్ చేసిన రోజు. 1967 నాటి నెగెటివ్‌ను నిన్న స్కాన్ చేస్తే 1994 నాటి ఫోటో తర్వాత పోయి కూర్చుంటుంది. ఫైలు పేరు ముందు 01, 02 అని అంకెలు పెట్టి, పేరు ప్రకారం పేర్చమని చెప్పడమే మందు. ముఖం గుర్తుపట్టి కత్తిరించే ఆటో క్రాప్ గిటారు తలను నిర్దాక్షిణ్యంగా నరుకుతుంది. ప్రతి ఫోటోనూ చేత్తో సర్దాల్సిందే.

మిర్రర్ బటన్ జోలికి అసలు పోవద్దు. మనిషి పేజీ లోపలికి చూస్తే బాగుంటుందని ఫోటోను తిప్పేయడం డిజైనర్ల పాత అలవాటు. నెగెటివ్‌ను తిరగేసి స్కాన్ చేసినా ఇదే జరుగుతుంది. హెండ్రిక్స్ దగ్గర ఈ తప్పు దొరికిపోతుంది. ఆయన కుడిచేతివాళ్ల కోసం చేసిన ఫెండర్ గిటారు స్ట్రాటోకాస్టర్‌ను తలకిందులుగా పట్టుకుని ఎడమచేత్తో మీటేవాడు. కాబట్టి నాబ్‌లు తీగలకు పైవైపుంటాయి, తల మీది బిరడాలు నేలవైపు చూస్తాయి. ఆయన ఎడమచెయ్యి గిటారు మెడ మీద ఫ్రెట్లు నొక్కుతున్నట్టుంటే ఫోటో తిరగబడిందన్నమాట. తల మీద ఫెండర్ అనే పేరు తలకిందులుగా ఉండొచ్చు, కానీ అద్దంలో చూసినట్టు ఉండకూడదు. నిర్వానా గాయకుడు కర్ట్ కోబేన్ కూడా ఎడమచేత్తోనే మీటేవాడు, అక్కడా మెడ మీద ఏ చెయ్యి ఉందన్నదే పరీక్ష.

వయసులు సంవత్సరాలు తీసివేసి రాస్తే తప్పవుతాయి. 27 ఏళ్లకే పోయినవాళ్లని ఒకే చోట పెట్టే ఐదుగురిలో ఇద్దరి దగ్గర ఇది బోల్తా కొడుతుంది. హెండ్రిక్స్ 1942 నవంబరు 27న పుట్టి 1970 సెప్టెంబరు 18న పోయాడు. తీసివేస్తే 28, నిజానికి 27. జిమ్ మోరిసన్ 1943 డిసెంబరు 8, 1971 జులై 3, ఇక్కడా అంతే. బ్రయన్ జోన్స్, జానిస్ జోప్లిన్, కోబేన్‌ల లెక్క సరిపోతుంది. జోన్స్ పోయింది 1969 జులై 3న, మోరిసన్ పోయిన తేదీనే, సరిగ్గా రెండేళ్ల ముందు. ఈ ఇద్దర్నీ ఎదురెదురు పేజీల్లో పెడితే ఎవరూ వివరించక్కర్లేదు. కోబేన్‌కు 1994 ఏప్రిల్ 5 రాయాలి, 8 కాదు; ఎనిమిదో తేదీ మృతదేహం దొరికిన రోజు. డేవిడ్ బోవీ 69వ పుట్టినరోజు దాటిన రెండు రోజులకు, 2016 జనవరి 10న పోయాడు. తేదీలు బరువైనవి కాబట్టి ఇలాంటిచోట పొగడ్త మాటలు అక్కర్లేదు.

జాన్ లెనన్, జార్జ్ హారిసన్ పేజీలకు 1964 జూన్‌లో బీటిల్స్ నెదర్లాండ్స్ వెళ్లినప్పటి ఫోటోలు వాడితే, డ్రమ్ముల దగ్గరున్నది వాళ్ల డ్రమ్మరు రింగో స్టార్ అని రాసేయకండి. ఆయన జబ్బుపడితే ఆ రోజుల్లో జిమ్మీ నికోల్ వాయించాడు.

తెలుగు రాతకు ఈ సర్వీసుల టెక్స్ట్ బాక్సులు చాలామటుకు పనికిరావు. స్ట్రాటోకాస్టర్ అని టైపు చేసి చూడండి. ట వత్తూ ర వత్తూ విడిపోయి, పొల్లు బయటికొచ్చి నిలబడితే ఆ ఎడిటర్‌కు తెలుగు కూర్చడం రాదు. మెర్క్యురీ ఇంకో మంచి పరీక్ష మాట. స్క్రీను మీద సరిగ్గా కనిపించినా ప్రింటు ఫైల్లో చెదరొచ్చు, కాబట్టి పీడీఎఫ్ ప్రివ్యూ ఇవ్వని సర్వీసుకు తెలుగు పుస్తకం అప్పగించకపోవడమే మేలు. నికరమైన దారి: రాతను మరో డిజైన్ సాఫ్ట్‌వేర్లో నోటో తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటుతో కూర్చి, పేజీ మొత్తాన్నీ 300 డీపీఐ బొమ్మగా ఎక్కించడం. ప్రెస్ పుస్తకంలో ఇంగ్లిష్ క్యాప్షన్ 8 పాయింట్లలో చదవొచ్చు, తెలుగుకు 11 కావాలి. వత్తులు కింది లైను గుడిదీర్ఘాలను గుద్దుకోకుండా లైన్ల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచాలి. నలుపు మీద తెల్ల అక్షరాలైతే సన్నటి ఫాంటు వద్దు. చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకి సున్నలు పూడిపోతాయి.

ఫోటోల హక్కు మనకుందని ఒప్పుకునే పెట్టెలో టిక్కు పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోవాలి: ఫోటో మీద హక్కు సాధారణంగా తీసినవాళ్లది. అందులో ఉన్న సంగీతకారుడు పోయినంత మాత్రాన అది పోదు. వికీమీడియా కామన్స్‌లో ప్రతి ఫోటో కింద లైసెన్సు ఉంటుంది. సీసీ బై-ఎస్ఏ (క్రియేటివ్ కామన్స్ వారి షరతుల లైసెన్సు) అని ఉంటే తీసినవాళ్ల పేరు, లైసెన్సు పేరు, మనం చేసిన మార్పు మూడూ రాయాలి. డచ్ నేషనల్ ఆర్కైవ్స్ తన ఆనెఫో వార్తా ఫోటోల్లో చాలావాటిని హక్కులన్నీ వదులుకునే సీసీ జీరో కింద వదిలేసింది, అరవైల నాటి బ్యాండ్లకు అదొక గని. ఇంట్లో పెట్టుకునే ఒక్క కాపీ వేరు, అమ్మకానికి వేసేది వేరు. అమ్మేదైతే ఫోటోగ్రాఫర్ అనుమతితోపాటు కొన్ని దేశాల్లో వారసుల అనుమతీ కావాలి, బ్యాండు లోగో సంగతి ఇంకా విడిగా చూసుకోవాలి. పేర్లన్నీ చివరి పేజీలో పేజీ నంబర్ల వరుసలో రాస్తే చాలు.

అట్ట చివర్లో చెయ్యండి. పేజీలు పెరిగితే వీపు మందం మారి, దానిమీది పేరు పక్కకు జరుగుతుంది. నల్ల మాట్ అట్ట అందంగానే ఉంటుంది గానీ మూలలు నెల తిరక్కుండా తెల్లగా గీసుకుపోతాయి. గుడ్డ అట్ట దొరికితే అదే మంచిది. పుస్తకం చేతికొచ్చాక ముందు పూర్తి నలుపు పేజీలను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూడండి. చారలు, విరిగిన మడత, ఊడిన షీటు ఉంటే ఫోటో తీసి ఫిర్యాదు గడువు లోపలే పంపితే సాధారణంగా మళ్లీ వేసిస్తారు. తేదీ తప్పు, తెగిన గిటారు తల, చెదిరిన వత్తు మాత్రం ఆర్డరు పెట్టినవాళ్ల ఖాతాలోకే పోతాయి.