నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: వెతకడానికి బంగారం, వాక్యాల బొమ్మలకి తలనొప్పి

మల్కాజిగిరి వైపు మా చర్చిలో ఆదివారం ఆరాధనకి ప్రొజెక్టర్ దగ్గర కూర్చునేది నేనే. బైబిల్ స్టడీకీ ప్రసంగం స్లైడ్లకీ కలిపి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్‌ని నాలుగేళ్లుగా ఏటా డబ్బు కట్టి వాడుతున్నాను. పేరు చెప్పను.

ముందు మంచి చెప్పేస్తా. వెతకడంలో దీనికి వంక పెట్టలేం. 'కృప' అని కొడితే ఆ మాట ఉన్న వాక్యాలు బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం నుంచి చివరి పుస్తకం ప్రకటన దాకా వరసగా వచ్చేస్తాయి, పక్కనే హీబ్రూ, గ్రీకు మూలపదాలు. మా పాస్టర్ అయ్యగారు శనివారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "ఆ మాట ఎక్కడుంది బాబూ" అంటే అర నిమిషంలో చెప్పేస్తా.

గొడవంతా బొమ్మలతోనే. నోట్స్‌లో రెఫరెన్స్, అంటే పుస్తకం పేరూ అధ్యాయం, వచనం నంబర్లూ రాస్తే చాలు, ఆ బైబిల్ వాక్యాన్ని బొమ్మగా చేసి స్లైడ్ మీద పెట్టేస్తుందట. పెడుతుంది, కానీ ఈసారి ఏది పెడుతుందో దానికే తెలియదు. ఒకే ప్రసంగంలో మొదటి వాక్యానికి కొండల మీద సూర్యోదయం, రెండోదానికి ఉత్త నల్ల తెర, మూడోదానికి పెళ్లి శుభలేఖలా గులాబీలు. రెఫరెన్స్ ఒకచోట పైన, ఒకచోట కింద, ఒకచోట అసలు లేదు. ఇంట్లో ఫోన్‌లో చూసిన బొమ్మ చర్చి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఇంకోటి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకోటుంది. కొన్ని వాక్యాలకి సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు ముందే తయారు చేసిన బొమ్మలుంటాయి, వాటిలో అక్షరాలు బొమ్మలోనే కలిసిపోయి ఉంటాయి, మనం అనువాదం మార్చినా అవి మారవు. మా సంఘంలో అందరూ ఒళ్లో పాత అనువాదం పెట్టుకుని గొంతెత్తి చదువుతారు. ఒక ఆదివారం 23వ కీర్తన. ముందు వరసల్లో పెద్దవాళ్లు పుస్తకం చూసి "నాకు లేమి కలుగదు" అంటుంటే, వెనక కుర్రాళ్లు తెర మీదున్న వేరే అనువాదం చదివారు. ఒకే హాల్లో రెండు వాక్యాలు! అయ్యగారు ఆగి నా వైపు చూశారు. ఆ చూపు ఇంకా గుర్తుంది.

ఒత్తుల సంగతి సరే సరి. తెలుగు అక్షరాలని పేర్చి, ఒత్తు కిందికి దించి కలిపే పని ఒకటుంటుంది కదా, ల్యాప్‌టాప్‌లో బొమ్మగా సేవ్ చేసేటప్పుడు అది ఒక్కోసారి జరగదు. ఫాంట్ తప్పు కాదు, అదే ఫాంట్ మామూలు స్లైడ్‌లో చక్కగా వస్తుంది. 'క్రీస్తు' కాస్తా 'క్‌రీస్‌తు' అయి కూర్చుంటుంది. చర్చిలో తెర మీద విరగకూడని మాట ఏదైనా ఉందంటే అదే కదా!

సైజు కూడా అంతే. యోహాను 11:35 మూడే మాటలు, తెరంతా ఆక్రమించేస్తాయి. బాగా పొడవైన ఎస్తేరు 8:9 పెట్టి చూడండి, చీమల బారు.

కంపెనీవాళ్లకి రాశాను. స్క్రీన్‌షాట్లు అడిగితే పదకొండు పంపాను. తర్వాతి అప్‌డేట్‌లో ఫోన్‌లో ఒత్తులు బాగయ్యాయి, ల్యాప్‌టాప్‌లో పాత కథే.

ఇప్పుడు బొమ్మలు ఆపేసి, ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద మండలి ఫాంట్‌తో ఒకే టెంప్లేట్ పెట్టుకున్నా. వాక్యం కాపీ చేసి అందులో పేస్ట్ చేయడమే. పది వాక్యాలకి ఇరవై నిమిషాలు పడుతుంది, టెన్షన్ లేదు. వచ్చే నెల రెన్యువల్, వెతకడం కోసం మళ్లీ కడతా. వెతకడానికి 5కి 5. బొమ్మలకి 1, అదీ ఫోన్‌లో ఒత్తులు సరిచేసినందుకు.