నాలుగు కాయిళ్లు మార్చినా పోని మిస్సింగ్ ఒంగోల్లో పోయింది

ఒంగోలు కర్నూలు రోడ్డులో కార్లకు కరెంటు పని చేసే చిన్న షెడ్డు ఇది. పెట్రోల్ కారు మిస్సింగ్ కొడుతుంటే, అంటే స్పార్క్ సరిగా పడక ఇంజన్ కుదుపులిస్తుంటే, ఆ స్పార్క్ పుట్టించే కాయిళ్లు కొనేముందు ఒక్కసారి ఇక్కడ చూపించండి.

నా కారు ఏసీ వేసుకుని హైవే మీద లారీని దాటబోతే చాలు, గుంజుకుపోయేది. వేరేచోట నాలుగు కాయిళ్లూ, ప్లగ్గులూ మార్పించారు, పది రోజులు బాగుంది, మళ్లీ అదే గోల. డబ్బు పోయిందన్న బాధకంటే పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేటప్పుడు టెన్షన్ ఎక్కువ.

ఈ షెడ్డు అన్న ఏదీ విప్పకుండానే కాయిల్ వైరుకు కరెంటు కొలిచే క్లాంపు తగిలించి, ఆ కరెంటును గీతగా చూపించే స్కోపు స్క్రీను నావైపు తిప్పాడు. స్పార్క్ కొట్టేముందు కాయిల్ ఛార్జ్ కావడానికి ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, కాస్త టైమ్ ఇస్తుంది, దాన్నే డ్వెల్ అంటారు, నా బండిలో సుమారు 3 మిల్లీసెకన్లు. ఆ కాస్తలో గీత ఏటవాలుగా 7 ఆంపియర్ల దాకా ఎక్కాలట, నాది 4 దాటకుండానే తెగిపోతోంది, నాలుగు సిలిండర్లలోనూ అంతే.

అయితే ఛార్జింగ్ టైమ్ పెంచేస్తే సరిపోదా అని అడిగా. అసలు వద్దన్నాడు. కాయిల్ నిండాక ఇంకా కరెంటు పంపితే స్పార్క్ పెరగదు, అదంతా వేడే, కాయిలో దాన్ని నడిపే ట్రాన్సిస్టరో కాలిపోతుంది. బ్యాటరీ వోల్టేజి పడిపోతే ఈసీఎం తనే డ్వెల్ పెంచుకుంటుంది, కానీ నా బండిలో దానికి 14 వోల్టులు నిక్షేపంగా కనపడుతున్నాయి, కాయిల్‌కు మాత్రం అంత అందడం లేదు, ఆ సంగతి దానికి తెలిసే దారే లేదు.

తేడా ఎర్త్ దగ్గరుంది, అంటే కాయిళ్ల కరెంటు తిరిగి వెళ్లే వైరును బాడీకి బిగించే చోట. బోల్టు విప్పితే వైరు చివర రింగు నిండా పచ్చగా చిలుము, మాది కొత్తపట్నం, ఉప్పుగాలి మరి. గీకి, కొత్త రింగు వేసి బిగించాక అదే గీత 7 దాకా ఎక్కడం నా కళ్లతో చూశా.

స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్లో, కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు ఉన్న పాత కార్లకు కూడా ఇక్కడ ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నటి రేకులు) ఆ పాయింట్ల గ్యాప్ పెడతారు. గ్యాప్ ఎక్కువైతే డ్వెల్ తగ్గిపోతుందని ఓపిగ్గా చెప్తాడు కూడా.

నాకు 500 రూపాయలు తీసుకున్నాడు. కూర్చోడానికి మాత్రం బయట వేపచెట్టు కింద ఒక్క బల్లే ఉంది, పది దాటితే బండ్లు వరస కడతాయి, పొద్దున్నే వెళ్లండి.