నాకైతే ముందు సాఫ్ట్‌వేర్, తర్వాతే హెడ్‌సెట్: క్వెస్ట్ 2తో మూడున్నరేళ్లు

పర్లాకిమిడిలో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. 2022లో క్వెస్ట్ 2 అనే వీఆర్ హెడ్‌సెట్ కొన్నాను, కళ్లకి పెట్టుకుంటే గీసిన ఇంట్లోనే నిలబడ్డట్టు కనిపిస్తుంది, ఆటల కోసం కాదు, కట్టించుకునేవాళ్లకి పునాది తవ్వకముందే ఇల్లు చూపించడానికి. చిప్ ఏమిటి, రిజల్యూషన్ ఎంత అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు దీని మీద ఉన్న ఇష్టమంతా ఒక్కదాని గురించే: కొలత. మూడడుగుల వంటగట్టు అందులో మూడడుగులే ఉంటుంది.

మా వైపు పాత వీధుల్లో స్థలాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. పదిహేనడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతు, రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు. కాగితం మీద గీత చూపించి "ఇదిగో అమ్మా వంటిల్లు" అంటే తలూపుతారు, గోడలు లేచాక "ఇంత ఇరుకా బాబూ" అంటారు. ఒక పెద్దావిడకి మొదటిసారి హెడ్‌సెట్ పెట్టినప్పుడు కొప్పు కింద స్ట్రాప్ సర్దడానికే ఐదు నిమిషాలు పట్టింది. పెట్టుకున్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెయ్యి పైకెత్తి గాల్లో తడుముతూ, "ఈ అర నాకు అందట్లేదు బాబూ, పోపుల డబ్బా ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. ఆ అరని తొమ్మిదంగుళాలు కిందికి దించాం. ఇప్పుడు ఆ ఇంట్లో పోపుల డబ్బా అక్కడే ఉంటుంది, నేను వెళ్లిన ప్రతిసారీ ఆవిడ చూపిస్తారు.

అయితే చాలామంది మొదట్లో "మసగ్గా ఉంది" అనేవారు, నేనేమో అలవాటు లేక అనుకునేవాణ్ణి. తప్పు నాదే. క్వెస్ట్ 2లో కళ్ల మధ్య దూరానికి 58, 63, 68 మిల్లీమీటర్లు అని మూడే స్థానాలు ఉంటాయి, లెన్సులని చేత్తో జరపాలి. నాకు సరిపోయిన 63 మీదే అందరికీ పెట్టేసేవాణ్ణి. 58కి జరిపి ఇస్తే చాలామంది ఆడవాళ్లకి గది టక్కున తేటపడింది. ఇది తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

వైరు లేకుండా ఇల్లంతా తిరగొచ్చు అని కొన్న కొత్తలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నిజమే గానీ, మోడల్ చిన్నదైతేనే. నేను స్కెచప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇంటి త్రీడీ బొమ్మ గీసి, దాన్ని నిజం ఇల్లులా చూపే ఎన్‌స్కేప్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో చూపిస్తాను, అసలు బరువంతా మోసేది లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ కార్డు, హెడ్‌సెట్ వట్టి అద్దం లాంటిది. వైఫై తడబడితే బొమ్మ కుదుపుతుంది, చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి, అందుకే చివరికి కేబుల్‌కే వచ్చాను. కరెంటు పోయిందంటే లాప్‌టాప్ బ్యాటరీ మీద నెమ్మదిస్తుంది, ఆ పూటకి చూపించడం ఆపేయడమే.

ఇక అసలు దెబ్బ. 2024 వేసవిలో ఒక సైటు దగ్గర, మధ్యాహ్నం నాలుగు దాటాక, పడమటి వరండాలో బల్ల మీద హెడ్‌సెట్‌ని లెన్సులు పైకి ఉండేలా పెట్టి మేస్త్రీతో మెట్ల గురించి మాట్లాడుతున్నాను. పెట్టినప్పుడు అక్కడ నీడే. పది నిమిషాలో, పావుగంటో, వచ్చి చూసేసరికి వాలుఎండ బల్ల మీదికొచ్చింది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చేవాళ్లం కదా, అదే జరిగింది: లెన్సు ఎండని ఒక చుక్కగా చేసి వెనకున్న తెర మీద వేసింది. తెర మీద ఎడమ కంటి వైపు పసుపుపచ్చ చుక్కలు, పొద్దు కదిలిన దారినే వంకర గీతలా పడ్డాయి. ఆ వారమే ఒకాయనకి హాలు చూపిస్తే, తెల్ల గోడ వంక చూస్తూ "కొత్త గోడకి అప్పుడే చెమ్మెక్కిందేమిటి?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఎండ తగలనివ్వొద్దని దాంతో వచ్చిన కాగితంలో రాసే ఉంది, నేను చదవలేదు. నేను కొన్నప్పుడు మన దేశంలో దీన్ని అధికారికంగా అమ్మేవారు కాదు, తెప్పించి ఇచ్చిన దుకాణంవాళ్లు ఫోన్ ఎత్తారు గానీ తెర మార్చడం తమవల్ల కాదన్నారు.

నెలన్నర హెడ్‌సెట్ బయటికి తీయలేదు. అప్పుడే సాఫ్ట్‌వేర్ విలువ తెలిసింది. ఎన్‌స్కేప్‌లో నిలబడిన చోటు నుంచి చుట్టూ 360 డిగ్రీల బొమ్మ తీసి లింకు పంపొచ్చు, మామూలు ఫోన్‌లోనే తిప్పి చూసుకోవచ్చు. ఒక ఇంటివాళ్ల అబ్బాయి సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నాడు, డబ్బు పంపేది అతనే, ఇల్లు మాత్రం ఎప్పుడూ చూడలేదు. వాట్సాప్‌లో లింకు పంపితే రాత్రి షిఫ్ట్ అయ్యాక చూసి ఫోన్ చేశాడు: "అన్నా, మెట్ల కింద తలుపు తెరిస్తే నాన్న మంచానికి తగులుతుంది." తగులుతుంది, నేను గమనించలేదు. వాళ్ల నాన్న మంచం ఎక్కడుంటుందో వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న అతనికి తెలుసు. తలుపు అవతలి వైపుకి తెరిచేలా మార్చాం.

ఫోన్‌లో కొలత తెలియదు, అది ఒప్పుకోవాలి. పోపుల డబ్బా అందదని ఫోన్ చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ మచ్చల హెడ్‌సెట్‌నే వంటిల్లు చూపించడానికి ఇప్పటికీ వాడుతున్నాను, మచ్చ సంగతి ముందే చెప్పేస్తాను.

డబ్బు ఒకదానికే సరిపోయే నాలాంటివాళ్లు లాప్‌టాప్ మీద, సాఫ్ట్‌వేర్ మీద పెట్టండి అంటాను. ఎన్‌స్కేప్ చందా బరువనిపిస్తే ట్విన్‌మోషన్ ఉంది, ఏటా పది లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి 2024 నుంచి ఉచితం, అందులోనూ హెడ్‌సెట్‌తో చూపించొచ్చు. కానీ నాకు నెలకి రెండు మూడు ఇళ్లే, మనుషులు నా గదికే వస్తారు, సగం మంది కొడుకులు బయటి ఊళ్లలో ఉంటారు. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో పెద్ద ఆఫీసు నడిపేవాళ్లకి, రోజూ నలుగురికి చూపించాల్సినవాళ్లకి, ముందు మంచి హెడ్‌సెట్ కొనడమే సబబు కావచ్చు. క్వెస్ట్ 3లో కళ్ల దూరం చక్రం తిప్పి సర్దుకోవచ్చు, నాకు ఆశ దాని మీదే. దసరాకి రావాల్సిన రెండు బాకీలు వస్తే చూడాలి. ఈలోగా మా ఆవిడ పాత నల్ల గుడ్డతో లెన్సులకి మూత కుట్టి ఇచ్చింది.